ఇంగ్లీషు ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది: తరచుగా అడిగే ప్రశ్నలు

బడిలో ఇంగ్లీషు వ్యాకరణం చెబుతారు, స్పెల్లింగులు బట్టీ పట్టిస్తారు. ఆ భాష అలా ఎందుకు తయారైందో మాత్రం చెప్పరు. చెబితే సగం తిప్పలు తగ్గేవి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, కొత్తగా పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన టీచర్లు, పిల్లల ప్రశ్నలకు జవాబు దొరక్క తికమకపడే తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. వరసగా చదివితే సుమారు 1,500 ఏళ్ల కథ కళ్లకు కడుతుంది. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లినా ఇబ్బంది లేదు.

ఇంగ్లీషు లాటిన్ నుంచి పుట్టిందంటారు. నిజమేనా?

కాదు. లాటిన్ నుంచి పుట్టినవి ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్, పోర్చుగీసు, రొమేనియన్ లాంటివి. ఇంగ్లీషు జర్మానిక్ కుటుంబానికి చెందినది. జర్మన్, డచ్ దానికి దాయాదులు. అన్నిటికన్నా దగ్గరి చుట్టం నెదర్లాండ్స్ ఉత్తర తీరంలో మాట్లాడే ఫ్రిజియన్. ఇంకా బాగా వెనక్కి వెళితే లాటిన్, గ్రీకు, సంస్కృతం, జర్మానిక్ భాషలు అన్నీ ఇండో-యూరోపియన్ అనే ఒకే మూలం దగ్గర కలుస్తాయి. వీటిలో చాలా భాషల బంధుత్వాన్ని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఆసియాటిక్ సొసైటీ సభ్యుల ముందు ప్రస్తావించాడు. ఆ లెక్కన లాటిన్ ఇంగ్లీషుకు తల్లి కాదు, పెత్తల్లి వరస.

ఈ అపోహకు కారణం లేకపోలేదు. నిఘంటువు తెరిచి మాటలు లెక్కపెడితే సగానికి పైగా ఫ్రెంచి నుంచో లాటిన్ నుంచో వచ్చినవే కనిపిస్తాయి. కానీ అరువు మాటలను బట్టి భాష పుట్టుకను తేల్చరు. తెలుగు విషయంలో సరిగ్గా ఇదే వాదం నడిచింది. తెలుగు నిండా సంస్కృత పదాలున్నాయి కాబట్టి తెలుగు సంస్కృత జన్యం అని చాలాకాలం నమ్మారు. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి, వీటిది వేరే కుటుంబమని చూపించాడు. ఇంగ్లీషుకూ అదే పరీక్ష పెట్టాలి. సర్వనామాలు, చిన్న అంకెలు, అమ్మానాన్నల పేర్లు, చేయి, కాలు, తినడం, తాగడం, రావడం, పోవడం లాంటి ఇంటి మాటలు చూస్తే దాదాపు అన్నీ జర్మానిక్ సొత్తే. రోజూ ఎక్కువగా వాడే 100 మాటల్లో ఫ్రెంచి, లాటిన్ పదాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

మరి అది ఇంగ్లండుకు ఎలా చేరింది?

పడవల మీద. బ్రిటన్ దక్షిణ భాగాన్ని రోమన్లు క్రీ.శ. 43 నుంచి సుమారు 410 వరకు ఏలారు. వాళ్ల సైన్యం వెళ్లిపోయాక, ఇప్పటి డెన్మార్క్, ఉత్తర జర్మనీ తీరాల నుంచి ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు గుంపులు గుంపులుగా వచ్చి స్థిరపడ్డారు. 8వ శతాబ్దపు సన్యాసి బీడ్ రాసిన చరిత్రను బట్టి 449ని ఆరంభంగా చెప్పడం ఆనవాయితీ. నిజానికి ఈ వలస ఒక్క ఏడాదిలో జరిగింది కాదు, తరాల పాటు సాగింది. ఆంగ్లుల పేరు మీదే దేశానికి ఇంగ్లండ్ అనీ, భాషకు ఇంగ్లీషు అనీ పేర్లు వచ్చాయి.

అంతకుముందు అక్కడ ఉన్నవాళ్ల భాష ఏమైంది?

వాళ్లవి కెల్టిక్ భాషలు. పడమటి కొండల్లో వెల్ష్ భాషగా ఇప్పటికీ బతికే ఉంది. ఇంగ్లీషులోకి మాత్రం విచిత్రంగా చాలా కొద్ది మాటలే వచ్చాయి. నదుల పేర్లు మిగిలాయి. ఏవన్ అంటే కెల్టిక్‌లో నది అనే అర్థం. కొత్తగా వచ్చినవాళ్లు అదే నది పేరు అనుకున్నారు కాబట్టి, ఇప్పుడు ఏవన్ నది అంటే నది నది అన్నట్టే.

పాత ఇంగ్లీషును ఇప్పటి ఇంగ్లీషువాళ్లు చదవగలరా?

నేర్చుకుంటే తప్ప చదవలేరు. క్రైస్తవుల ప్రభు ప్రార్థన మొదటి పాదం అప్పట్లో ఇలా ఉండేది: ‘ఫ్యాడెర్ ఊరె, థూ థె ఎఆర్ట్ ఆన్ హెఓవొనుమ్’. పరలోకమందున్న మా తండ్రీ అని అర్థం. ఊరె అంటే ఇప్పటి అవర్, ఎఆర్ట్ అంటే ‘ఉన్నావు’ అనే అర్థంలో పాతకాలపు ఆర్ట్, హెఓవొనుమ్‌లో హెవెన్ దాగి ఉంది. చివర ఉన్న ‘ఉమ్’ విభక్తి ప్రత్యయం.

అవును, అప్పటి ఇంగ్లీషుకు విభక్తులుండేవి. నామవాచకం వాక్యంలో చేసే పనిని బట్టి తోక మారేది. మూడు లింగాలుండేవి, వాటికీ లోకంలోని ఆడమగ తేడాకూ సంబంధం లేదు. సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం, భార్య అనే మాట నపుంసకలింగం! ‘మేమిద్దరం’, ‘మీరిద్దరు’ అని చెప్పడానికి విడిగా ద్వివచన సర్వనామాలు కూడా ఉండేవి. ఇంగ్లీషుకు వ్యాకరణమే లేదని వెక్కిరించేవాళ్లు ఈ దశను ఒకసారి చూడాలి.

597లో రోము నుంచి అగస్టీన్ మిషనరీ బృందం కెంట్‌కు వచ్చాక లాటిన్ లిపి స్థిరపడింది. అంతకుముందు కర్రమీదా రాతిమీదా చెక్కడానికి అనువైన రూన్ లిపి ఉండేది. అందులోని ‘థార్న్’ అనే అక్షరాన్ని ‘థ’ ధ్వని కోసం లాటిన్ అక్షరాల మధ్య కూర్చోబెట్టుకున్నారు. తర్వాతి కాలపు ముద్రాపకుల దగ్గర ఆ అచ్చు లేక, చూడటానికి దగ్గరగా ఉన్న వై అక్షరాన్ని వాడారు. పాతకాలపు వాతావరణం కోసం దుకాణాల బోర్డుల మీద ‘యీ ఓల్డ్’ అని రాసేది ఆ పుణ్యమే. అది ‘యీ’ కాదు, ‘ది’.

వైకింగులు దోచుకుపోయారని చదివాం. భాషకు వాళ్లు ఇచ్చిందేమిటి?

దోచుకున్నదానికన్నా ఇచ్చిందే ఎక్కువేమో. 793లో ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడితో మొదలుపెట్టిన ఈ స్కాండినేవియా సముద్రదొంగలు తర్వాత భూములు చూసుకుని కాపురాలు పెట్టారు. 878లో ఎడింగ్టన్ దగ్గర వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ వాళ్లను ఓడించాడు. చివరికి దేశం తూర్పు, ఉత్తర భాగాలు వాళ్ల చట్టం కింద, మిగిలింది ఇంగ్లీషు రాజుల కింద ఉండేలా సర్దుబాటు కుదిరింది. డార్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ లాంటి ‘బీ’తో ముగిసే ఊళ్లు వాళ్లు పెట్టినవే. మన ఊళ్ల పేర్లలో పల్లి, పాడు ఎలాగో అక్కడ ‘బీ’ అలాగ.

వాళ్ల నార్స్ భాష, పాత ఇంగ్లీషు అన్నదమ్ముల్లాంటివి. ఇద్దరూ కొంత సర్దుకుంటే ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేది. అందుకే అప్పు చాలా లోతుకు వెళ్లింది. ఎగ్, స్కై, స్కిన్, లెగ్, నైఫ్, హజ్బెండ్, లా, టేక్ ఇవన్నీ నార్స్ నుంచి వచ్చినవి. విండో అంటే వాళ్ల భాషలో ‘గాలి కన్ను’. మన గవాక్షంలోనూ కన్నే ఉంది. ఒకే మూలానికి చెందిన షర్ట్ ఇంగ్లీషు రూపం, స్కర్ట్ నార్స్ రూపం. రెండూ ఉండిపోయి, ఒకటి నడుము పైకి, ఒకటి నడుము కిందికి పంచుకున్నాయి.

అన్నిటికన్నా ఆశ్చర్యం దే, దెమ్, దేర్. ‘వాళ్లు’, ‘వాళ్లను’, ‘వాళ్ల’ అనే సర్వనామాలను ఒక భాష పొరుగు భాష నుంచి తీసుకోవడం చాలా అరుదు. తెలుగు ఎన్ని వేల సంస్కృత పదాలు తీసుకున్నా ‘నేను’, ‘వాళ్లు’ జోలికి పోనివ్వలేదు. విభక్తుల తోకలు ఊడిపోవడం కూడా ఈ కలయిక ఉన్న ఉత్తర ప్రాంతాల్లోనే ముందు కనిపిస్తుంది. ధాతువు ఒకటే, తోకలు మాత్రం వేరు అయినప్పుడు పక్కపక్క ఇళ్లవాళ్లు తోకలు మింగేసి మాట్లాడుకున్నారని చాలామంది పండితుల అభిప్రాయం.

1066 గురించి ఇంత చెబుతారు ఎందుకు?

ఆ ఏడాది అక్టోబరులో హేస్టింగ్స్ యుద్ధంలో ఫ్రాన్సు ఉత్తర తీరంలోని నార్మండీ పాలకుడు విలియం గెలిచి ఇంగ్లండ్ రాజయ్యాడు. కొద్ది ఏళ్లలోనే పాత ప్రభువులను దాదాపు అందరినీ తొలగించి, వాళ్ల భూములు తనవాళ్లకు పంచాడు. పెద్ద మఠాలకూ చర్చిలకూ తనవాళ్లనే అధిపతులుగా పెట్టాడు. కొత్త దొరల భాష ఫ్రెంచి. లెక్కాపత్రం, చదువు, పూజ లాటిన్‌లో. ఇంగ్లీషుకు మిగిలింది పొలం, వంటిల్లు, సంత. దేశంలో నూటికి తొంభై మందికి పైగా మాట్లాడే భాషకు రాజుగారి గుమ్మం ఎక్కే అర్హత లేకుండా పోయింది. ప్రపంచమంతా ఇప్పుడు ఫీజులు కట్టి నేర్చుకుంటున్న భాష సొంత గడ్డ మీద సుమారు 300 ఏళ్లు మోటు భాషగా బతికింది.

ఆ కాలంలో ఫ్రెంచి నుంచి సుమారు 10,000 మాటలు వచ్చాయని ఒక అంచనా. ఏయే రంగాల్లో వచ్చాయో చూస్తే అధికారం ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది: గవర్నమెంట్, పార్లమెంట్, కోర్ట్, జడ్జి, జ్యూరీ, ప్రిజన్, ట్యాక్స్, ఆర్మీ. తెలుగులో జిల్లా, తహసీల్దారు, వకీలు, దస్తావేజు, జమీందారు, ఖైదీ ఎలా వచ్చాయో ఇవీ అలాగే వచ్చాయి. ఏలేవాడి కచేరీ నుంచి మాటలు జనం నోటికి దిగడం అన్నిచోట్లా ఉన్నదే.

గొర్రె పాలేరుది, మాంసం దొరది అంటారు. ఆ కథ నిజమా?

సగం నిజం. గొర్రె షీప్, ఆవు కౌ, పంది పిగ్: ఇవన్నీ ఇంగ్లీషు మాటలు. పళ్లెంలోకి వచ్చేసరికి మటన్, బీఫ్, పోర్క్ అయ్యాయి, ఇవి ఫ్రెంచి. కాసినవాడు ఇంగ్లీషువాడు, తిన్నవాడు నార్మన్ దొర అని అందంగా చెబుతారు. వాల్టర్ స్కాట్ నవల ‘ఐవాన్హో’ ఈ కథకు ఊరూరా ప్రచారం తెచ్చింది. అయితే మాటల మధ్య ఈ గిరి అప్పుడే గీయలేదు. చాలా శతాబ్దాల పాటు బతికున్న పశువులను కూడా మటన్, బీఫ్ అని రాసిన సందర్భాలున్నాయి. దొరల భోజనాల వల్లే మాటలు వచ్చాయన్నది సరే. పాలేరు, దొర అని చెరొక మాట పంచుకున్నారన్నది మాత్రం కథకుడి చేతివాటం.

మరి ఇంగ్లీషు మళ్లీ ఎలా నిలదొక్కుకుంది?

దొరలకు ఫ్రాన్సుతో తెగింది. 1204లో నార్మండీ చేజారింది. తర్వాత ఫ్రాన్సుతోనే నూరేళ్ల యుద్ధం వచ్చింది. శత్రువు భాషను గొప్పగా చెప్పుకోవడం కష్టమైంది. 1348లో మొదలైన ప్లేగు జనాభాలో మూడో వంతుకు పైగా పొట్టన పెట్టుకుంది. కూలీలు కరువై, ఇంగ్లీషు మాట్లాడే మామూలు మనిషికి గిరాకీ పెరిగింది. 1362లో కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలో! అలవాటు అంత గట్టిది. వకీళ్లు ఆ తర్వాత కూడా ఫ్రెంచి కలిపిన రాతను వదలలేదు. కోర్టు పత్రాలు పూర్తిగా ఇంగ్లీషులోకి రావడానికి 1733 దాకా ఆగాల్సి వచ్చింది.

1399లో నాలుగో హెన్రీ సింహాసనం తనదని ఇంగ్లీషులో ప్రకటించాడు. అదే రోజుల్లో కవి చాసర్ ‘క్యాంటర్‌బరీ కథలు’ రాశాడు. చాసర్ రాసింది లండన్ ఇంగ్లీషు. ప్రభుత్వ కార్యాలయాలూ వ్యాపారమూ అక్కడే ఉండటం వల్ల చివరికి అదే ప్రామాణిక భాషకు పునాది అయింది. ఉత్తరాన మంచి కవులు లేక కాదు, రాజధాని అక్కడ లేక.

స్పెల్లింగుకూ ఉచ్చారణకూ పొత్తు ఎందుకు లేదు?

అందరికన్నా ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. ముందు ఒక చిన్న సంఘటన. విలియం క్యాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ఇంగ్లండ్ మొదటి అచ్చు యంత్రం పెట్టాడు. 1490లో ఒక పుస్తకానికి రాసిన ముందుమాటలో తన బాధ చెప్పుకున్నాడు. థేమ్స్ నది నుంచి బయల్దేరిన కొందరు వర్తకులు గాలి లేక కెంట్ తీరంలో ఆగిపోయారు. వాళ్లలో ఒకడు ఒక ఇంటికి వెళ్లి తినడానికి గుడ్లు కావాలని ‘ఎగ్స్’ అని అడిగాడు. ఆ ఇల్లాలు ‘నాకు ఫ్రెంచి రాదు’ అంది. వర్తకుడికి కోపం వచ్చింది, ఎందుకంటే అతనికీ ఫ్రెంచి రాదు. అప్పుడు ఇంకొకతను ‘ఐరెన్’ కావాలట అని చెబితే ఆమెకు అర్థమైంది. ఒకటి నార్స్ నుంచి వచ్చిన ఉత్తరాది మాట, రెండోది పాత ఇంగ్లీషు మాట. ఈ రోజుల్లో ఏది రాయాలి, ఎగ్సా, ఐరెనా అని క్యాక్స్‌టన్ తల పట్టుకున్నాడు.

అచ్చు యంత్రానికి ఏదో ఒకటి కావాలి. అలా అప్పటి ఉచ్చారణకు దగ్గరగా ఉన్న రాతలు గట్టిపడ్డాయి. నైట్ అనే మాట (యోధుడు అనే అర్థంలో) కె అక్షరంతో మొదలై మధ్యలో జి, హెచ్ ఉండటానికి కారణం, ఒకప్పుడు అవన్నీ పలికేవారు. ‘క్నిఖ్ట్’ అన్నట్టుగా ఉండేది. రాసేవాడు తప్పు రాయలేదు. పలికేవాళ్లు తర్వాత మారారు.

ఎంత మారారంటే, సుమారు 1400 నుంచి 1700 మధ్య దీర్ఘాచ్చులన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ నోట్లో పైకి జరిగాయి. పైన చోటు లేనివి విడిపోయి రెండు ధ్వనుల జోడు అయ్యాయి. చాసర్ కాలంలో నేమ్ అనే మాట ‘నామె’, ఫీట్ ‘ఫేట్’, మూన్ ‘మోన్’, టైమ్ ‘టీమె’, హౌస్ ‘హూస్’. దీన్నే ‘అచ్చుల మహా పరివర్తన’ అంటారు. డేనిష్ పండితుడు యెస్పర్సన్ పెట్టిన పేరు ఇది. ఎందుకు జరిగిందన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. జరుగుతున్న సమయంలోనే అచ్చుపుస్తకాలు స్పెల్లింగులను బిగించేశాయి. వర్ణమాల మొదటి అక్షరాన్ని ప్రపంచమంతా ‘ఆ’ అంటుంటే ఇంగ్లీషువాళ్లు ‘ఏ’ అనడానికి, ఐ అక్షరాన్ని ‘ఇ’ అనకుండా ‘ఐ’ అనడానికి మూలం ఇక్కడే ఉంది.

ఇది చాలదన్నట్టు పండితులు వేలు పెట్టారు. అప్పు అనే అర్థంలో డెట్ అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో బి లేదు. లాటిన్ మూలంలో ఉంది కదా అని తెచ్చి అతికించారు. ద్వీపానికి ఐలండ్ అనే మాట స్వచ్ఛమైన పాత ఇంగ్లీషు. దాన్ని ఫ్రెంచి నుంచి వచ్చిన ఐల్‌తో ముడిపెట్టి అక్కర్లేని ఎస్ పెట్టారు. ఘోస్ట్‌లో హెచ్ క్యాక్స్‌టన్ ముద్రణాలయం నుంచి వచ్చింది. అతను చాలాకాలం బ్రూజ్‌లో పనిచేసినవాడు, ఫ్లెమిష్ రాత అలవాటు. పిల్లలు ఈ అక్షరాలు మరిచిపోయి మార్కులు పోగొట్టుకుంటే వాళ్లను మరీ కోప్పడకండి. ఐదారు వందల ఏళ్ల నాటి పాండిత్య ప్రదర్శనకు వాళ్లు జరిమానా కడుతున్నారు.

తెలుగులో ఈ గొడవ లేదని మనం గర్వపడతాం. చాలావరకు నిజమే. కానీ బ్రాహ్మణుడు అని ‘హ్మ’ రాసి ‘మ్హ’ పలుకుతాం. చాలు, చేయి రెండింటికీ ఒకే ‘చ’ రాసి రెండు రకాలుగా పలుకుతాం.

ఇంగ్లీషులో నువ్వు, మీరు అనే తేడా ఎందుకు లేదు?

ఉండేది. దౌ అంటే నువ్వు, యీ లేదా యూ అంటే మీరు. ఫ్రెంచి మర్యాదల ప్రభావంతో 13వ శతాబ్దం నుంచి పెద్దవాళ్లను ఏకవచనంలో కాకుండా బహువచనంతో పిలవడం మొదలైంది, సరిగ్గా మన పద్ధతే. యజమాని పనివాణ్ని దౌ అనేవాడు, పనివాడు యజమానిని యూ అనేవాడు. దేవుణ్ని మాత్రం దౌ అనేవారు. మనమూ దేవుణ్ని ‘నీవే దిక్కు’ అంటాం కదా.

ఈ మాటకు ఎంత పదునుండేదో 1603లో వాల్టర్ రాలీ మీద జరిగిన రాజద్రోహ విచారణ చూపిస్తుంది. ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ నిండు సభలో రాలీని కావాలనే దౌ అని సంబోధించాడు. అంతటితో ఆగకుండా ‘నిన్ను నువ్వనే అంటాను, ద్రోహీ’ అన్నట్టుగా ఆ మాటనే క్రియగా మార్చి విసిరాడు. అదే శతాబ్దంలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు దేవుడి ముందు అందరూ సమానమేనంటూ జడ్జీలను, ప్రభువులను కూడా దౌ అని పిలిచి దెబ్బలు తిన్నారు, జైళ్లకు వెళ్లారు.

చివరికి దౌ ఓడిపోయింది. పట్టణాల్లో ఎదుటివాడి హోదా తెలియని కొత్త ముఖాలు పెరిగాయి. తక్కువ చేసి తగువు తెచ్చుకోవడం కన్నా అందరినీ యూ అనడమే క్షేమం. కాబట్టి ఇంగ్లీషులో మర్యాద లేదనడం తప్పు. అక్కడ పోయింది నువ్వు, మిగిలింది మీరు. యార్క్‌షైర్ లాంటి ఉత్తర ప్రాంతాల యాసలో దౌ ఆనవాళ్లు మొన్నమొన్నటిదాకా వినిపించాయి.

షేక్స్‌పియర్ 1,700 మాటలు సృష్టించాడట. నిజమా?

ఆ లెక్కను పట్టుకుని పరీక్షల్లో రాయకపోవడం మంచిది. నిఘంటువు కోసం పాత పుస్తకాలు గాలించినవాళ్లు షేక్స్‌పియర్‌ను మిగతావాళ్లకన్నా శ్రద్ధగా చదివారు కాబట్టి ఎన్నో మాటలకు ఆయన నాటకాలే తొలి ఆధారంగా నమోదయ్యాయి. పాత పుస్తకాలు కంప్యూటర్‌లో వెతికే వీలు వచ్చాక వాటిలో చాలా మాటలకు ఇంకా ముందటి వాడుకలు దొరుకుతున్నాయి. నాటకం చూసే జనానికి అర్థం కాని మాటలు వందలకొద్దీ కల్పించి ఏ నాటకకర్తా బతికి బట్టకట్టలేడు. ఆయన గొప్పతనం ఉన్న మాటలను వంచిన తీరులో ఉంది. జనం నోటి భాషను తీర్చడంలో 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ పాత్ర కూడా తక్కువ కాదు. అందులో పెద్ద భాగం, అంతకు సుమారు 80 ఏళ్ల ముందే ప్రాణాలు పణంగా పెట్టి బైబిల్‌ను అనువదించిన టిండేల్ వాక్యాలే.

ఏది సరైన ఇంగ్లీషో ఎవరు నిర్ణయిస్తారు?

అధికారికంగా ఎవరూ లేరు. ఫ్రెంచికి 1635 నుంచి అకాడమీ ఉంది. ఇంగ్లీషుకూ ఒకటి కావాలని 1712లో రచయిత జోనాథన్ స్విఫ్ట్ ప్రతిపాదించాడు, జరగలేదు. ఆ ఖాళీని నిఘంటువులు నింపాయి. శామ్యూల్ జాన్సన్ కొద్దిమంది సహాయకులతో సుమారు తొమ్మిదేళ్లు కష్టపడి 1755లో 42,000కు పైగా పదాలతో నిఘంటువు తెచ్చాడు. ఓట్స్ అంటే ఇంగ్లండులో గుర్రాలకు పెట్టే, స్కాట్లండులో మనుషులు తినే ధాన్యం అని అర్థం రాసిన కొంటె మనిషి.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుది ఇంకో లోకం. 1857లో ఆలోచన పుట్టింది, 1884లో మొదటి భాగం వచ్చింది, 1928లో పూర్తయింది. సంపాదకుడు జేమ్స్ ముర్రే 1915లోనే కన్నుమూశాడు. పుస్తకాలు చదివి వాడుకలు చీటీల మీద రాసి పంపమని ముర్రే జనానికి విజ్ఞప్తి చేస్తే లక్షల చీటీలు వచ్చాయి. వేలకొద్దీ పంపినవాళ్లలో ఒకడు విలియం మైనర్, హత్య కేసులో మతిస్థిమితం లేదని బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలో నిర్బంధించిన అమెరికన్ సైనిక వైద్యుడు. ఈ నిఘంటువు ఇలా వాడాలని చెప్పదు, జనం ఇలా వాడారని చూపిస్తుంది.

అమెరికా స్పెల్లింగు వేరుగా ఎందుకు ఉంటుంది?

అమెరికన్ నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్ వల్ల. కొత్త దేశానికి కొత్త స్పెల్లింగు ఉండాలన్నది అతని పట్టుదల. 1828లో అతను తెచ్చిన నిఘంటువుతో కలర్‌లో యు పోయింది, సెంటర్ చివర అక్షరాలు తారుమారయ్యాయి. టంగ్, విమెన్ లాంటి మాటలను పలికినట్టే రాయాలన్న ప్రతిపాదనలు మాత్రం నిలవలేదు. ఇంకో సంగతి: అమెరికన్లు భాషను పాడుచేశారనే మాట అన్ని వేళలా నిజం కాదు. కార్, హార్డ్ లాంటి మాటల్లో ర పలకడం పాత ఇంగ్లీషు అలవాటే. దాన్ని వదిలేసింది దక్షిణ ఇంగ్లండువాళ్లు.

మన దగ్గరికి ఎప్పుడు వచ్చింది?

తెలుగు తీరానికి చాలా తొందరగానే వచ్చింది. ఈస్టిండియా కంపెనీకి 1600 డిసెంబరు 31న అనుమతి దొరికితే, 1611లో ‘గ్లోబ్’ అనే ఓడ మచిలీపట్నం చేరింది. మద్రాసు కోట కట్టడానికి సుమారు మూడు దశాబ్దాల ముందు మాట ఇది. అప్పట్లో వాళ్లకు కావలసింది అద్దకపు బట్టలు, మనకు ఇంగ్లీషు నేర్పడం కాదు. దుబాసీలతో పని గడిచింది. 1835లో మెకాలే నివేదిక తర్వాత ప్రభుత్వ డబ్బు ఇంగ్లీషు చదువుకు మళ్లింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. ఉద్యోగానికీ ఇంగ్లీషుకూ అప్పుడు పడిన ముడి ఇప్పటికీ ఊడలేదు. రాజ్యాంగం 343వ అధికరణం కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల్లో ఇంగ్లీషు వాడకానికి 15 ఏళ్ల గడువు ఇచ్చింది. 1963 అధికార భాషల చట్టం ఆ గడువు తర్వాత కూడా కొనసాగించడానికి దారి ఇచ్చింది.

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటలున్నాయా?

తక్కువే, కానీ ఉన్నాయి. అందరూ ఒప్పుకునేది బ్యాండికూట్. అది మన పందికొక్కే. ఆ పేరును తర్వాత ఆస్ట్రేలియాలో దానితో ఏ సంబంధమూ లేని సంచి జంతువుకు కూడా తగిలించారు. రంగురంగుల అడవి పక్షుల ప్రజాతికి శాస్త్రీయ నామం పిట్ట, అచ్చంగా మన పిట్టే. గోల్కొండ వజ్రాల పుణ్యాన ‘గోల్కొండ’ అంటే తరగని సిరి అనే అర్థం ఇంగ్లీషులో స్థిరపడింది. అమెరికాలో ఇలినాయ్, నెవాడా రాష్ట్రాల్లో ఆ పేరుతో ఊళ్లున్నాయి. మలయా భాష, పోర్చుగీసుల మీదుగా ఇంగ్లీషుకు చేరిన గోడౌన్‌కు మన గిడ్డంగితో చుట్టరికం ఉందని కొందరు అంటారు, కాదనడానికీ లేదు, తేల్చడానికీ లేదు. మస్లిన్ మచిలీపట్నం నుంచి వచ్చిందని మనవాళ్లు ఇష్టంగా చెప్పుకుంటారు. నిఘంటువులు మాత్రం ఇరాక్‌లోని మోసుల్ వైపే వేలు చూపిస్తాయి. 2016లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ‘అయ్యో’ కూడా చేరింది. అది దక్షిణాది అందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి మనమొక్కరమే వాటా అడగలేం.

ఇంత తిక్క భాష ప్రపంచ భాష ఎలా అయింది?

భాష గుణం చూసి ఎవరూ ఎన్నుకోలేదు. మొదటి ఎలిజబెత్ రాణి చనిపోయిన 1603 నాటికి దీన్ని మాట్లాడేవాళ్లు 50 నుంచి 70 లక్షల మంది ఉంటారని అంచనా, దాదాపు అందరూ ఆ దీవుల్లోనే. తర్వాత నౌకలు, వలసలు, బానిసల వ్యాపారం, బొగ్గు, ఆవిరి యంత్రాలు, సామ్రాజ్యం దాన్ని మోసుకెళ్లాయి. సామ్రాజ్యం తగ్గేసరికి అమెరికా డబ్బు, సినిమా, విమానం, కంప్యూటర్ అందుకున్నాయి. మొదటి ప్రపంచయుద్ధం ముందు రసాయనశాస్త్రం చదవాలంటే జర్మన్ నేర్చుకునేవారు. యుద్ధాల ఫలితం వేరుగా ఉంటే ఈ పేజీ మరో భాష గురించి ఉండేది. ఇప్పుడు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 40 కోట్లు, ఏదో ఒక స్థాయిలో మాట్లాడేవాళ్లు 150 కోట్ల దాకా ఉంటారంటారు.

లాటిన్‌లాగా ఇంగ్లీషు కూడా ముక్కలైపోతుందా?

మాటలో ఇప్పటికే చాలా ముక్కలుంది. జమైకా వీధి ఇంగ్లీషు, నైజీరియా పిడ్జిన్, సింగపూర్ సింగ్లిష్ ఒకరివి ఒకరికి సరిగా అర్థం కావు. మన దగ్గర పుట్టి పెరిగిన ప్రీపోన్ అనే మాటను లండన్‌లో వింటే నొసలు చిట్లించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అయినా అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది. రాతలో మాత్రం పత్రికలు, చట్టాలు, పరిశోధన, ఇంటర్నెట్ అందరినీ ఒకే గాట కట్టి ఉంచుతున్నాయి. రోము పడిపోయాక లాటిన్ మాట్లాడే ఊళ్ల మధ్య రాకపోకలు తెగిపోయాయి, అందుకే అది ఫ్రెంచి, స్పానిష్ అయింది. ఇప్పుడు రాకపోకలు తెగే సూచన లేదు కాబట్టి, ఇంట్లో ఒక ఇంగ్లీషు, ఆఫీసులో ఒక ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల సంఖ్య పెరిగే అవకాశమే ఎక్కువ. సింగపూర్‌లో, లాగోస్‌లో అది ఇప్పటికే జరుగుతోంది.